గూడుబండిలో ఆరోగ్యం వెతుక్కున్న కుటుంబం: వలస డైరీని చదివే పద్ధతి

పంతొమ్మిదో శతాబ్దంలో మిసిసిపి, మిస్సోరి నదుల లోయల్లో స్థిరపడిన అమెరికన్ రైతు కుటుంబాలు ఉన్న ఇల్లూ పొలమూ అమ్ముకుని, గూడుబండి కట్టి, రెండు వేల మైళ్ళ దూరాన ఉన్న ఆరెగాన్‌కో కాలిఫోర్నియాకో ఎందుకు బయలుదేరాయని అడిగితే, భూమి కోసమనీ బంగారం కోసమనీ జవాబు వస్తుంది. ఆ జవాబు తప్పు కాదు. కానీ ఆ కుటుంబాలవాళ్ళు రాసుకున్న డైరీలు, ఉత్తరాలు తెరిస్తే మరో కారణం పదే పదే ఎదురవుతుంది. ఇంట్లో ఎవరో ఒకరు మంచాన పడి ఉంటారు, ఏటా వేసవి చివర జ్వరం తిరగబెడుతుంది, చోటు మారితే తప్ప మనిషి దక్కడని ఇంటిల్లిపాదీ నమ్ముతారు.

అలాంటి కుటుంబం ఒకదాని ప్రయాణ దినచర్యను చేతికి తీసుకున్న విద్యార్థికో, పాఠం చెప్పే ఉపాధ్యాయుడికో, అమెరికాలో ఉంటూ ఆ దారి చూడబోతున్న తెలుగువారికో ఉపయోగపడాలని ఈ పద్ధతిని వివరిస్తున్నాను. దీనికంతటికీ ఆధారం ఒక్కటే. ప్రయాణంతో ఆరోగ్యం కుదుటపడిందా, పాడైందా అన్న సంగతిని వాళ్ళు పొగిడిన గాలిలో వెతకకూడదు. వాళ్ళు తాగిన నీటిలో, తిన్న తిండిలో, రాత్రి బండి విప్పిన చోటులో వెతకాలి.

ముందు తేల్చుకోవలసింది, బయలుదేరేనాటికి ఆ ఇంట్లో ఉన్న జబ్బు ఏమిటన్నది. డైరీల్లో ఎక్కువగా రెండు పేర్లు కనిపిస్తాయి. మొదటిది ఏగ్యూ. ఒక పూట వణుకు, ఆపైన కాక, ఆపైన చెమట, రోజు విడిచి రోజు ఇదే వరస అని రాసి ఉంటే అది చలిజ్వరమేనని, అంటే మలేరియా అని దాదాపుగా నిశ్చయించుకోవచ్చు. ఇల్లినాయి, ఇండియానా, మిస్సోరి రాష్ట్రాల నదీతీర భూముల్లో అది ఆ కాలపు ప్రతి ఇంటి కష్టం. రెండవది కన్సంప్షన్, అంటే క్షయ. ఏగ్యూకు కారణం కుళ్ళిన ఆకుల నుంచి, చిత్తడి నేలల నుంచి లేచే చెడుగాలేనని, క్షయకు కూడా చోటు మార్పు మేలు చేస్తుందని అప్పటి వైద్యులు నమ్మేవారు. క్షయకు సూక్ష్మజీవి కారణమని జర్మన్ వైద్యుడు కోఖ్ ప్రకటించింది 1882లో. మలేరియా పరాన్నజీవిని దోమ కడుపులో రోనాల్డ్ రాస్ చూసింది 1897 ఆగస్టులో, మన సికింద్రాబాదు పక్కన బేగంపేటలో. కాబట్టి 1840లలో బండి కట్టిన మనిషి గాలి మార్పు అని రాసుకున్నప్పుడు ఆ మాటను అమాయకత్వంగా కొట్టివేయకూడదు. ఆ కాలానికి అది వైద్యశాస్త్రం చెప్పిన మాట, వైద్యుడు రాసిచ్చిన చికిత్స.

ఆ నమ్మకం ఎంత బలంగా ఉండేదో ఒక ఉదంతం చెబుతుంది. 1840లో మిస్సోరిలో రూబిడూ అనే వర్తకుడు కాలిఫోర్నియా గురించి చెబుతుంటే అక్కడి రైతులు అడిగిన మొదటి ప్రశ్నల్లో ఒకటి, అక్కడ చలిజ్వరం ఉందా అన్నది. ఆ దేశం మొత్తం మీద వణుకు వచ్చినవాడు ఒక్కడే ఉన్నాడని, వాడు వణకడం చూడటానికి మాంటెరీ ఊరి జనం పద్దెనిమిది మైళ్ళు వెళ్ళారని ఆయన జవాబిచ్చాడట. ఆ మాటలు విన్న జాన్ బిడ్వెల్ మరుసటి ఏడే, 1841లో, కాలిఫోర్నియాకు బయలుదేరిన తొలి వలస బృందంలో చేరాడు. డైరీలో ఇలాంటి కబుర్లు కనిపిస్తే వదిలిపెట్టకండి. ఆ కుటుంబం ఏ భయం నుంచి పారిపోతున్నదో వాటివల్లే తెలుస్తుంది.

ఆరోగ్యం అని రాసినచోట పక్కనున్న కారణాలను కూడా చూడాలి. పీటర్ బర్నెట్ కుటుంబం ఇందుకు మంచి ఉదాహరణ. మిస్సోరిలో న్యాయవాదిగా ఉన్న బర్నెట్‌కు అప్పులు మెడదాకా వచ్చాయి, భార్య హారియెట్ ఆరోగ్యం క్షీణించింది, ఆరుగురు పిల్లలు. వలస వెళ్ళినవారికి ఆరెగాన్‌లో భూమి ఇవ్వాలని సెనేటర్ లిన్ ప్రతిపాదించిన బిల్లు అప్పుడే చర్చలో ఉంది. అప్పిచ్చినవాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడి, వాళ్ళ సమ్మతితోనే 1843 మే నెలలో మిస్సోరిలోని ఇండిపెండెన్స్ ఊరి దగ్గర గుమికూడిన పెద్ద వలసబృందంతో ఆయన కుటుంబం కదిలింది. భార్య కోసమా, భూమి కోసమా, అప్పు తీర్చడం కోసమా అని వీటిలో ఒక్కదాన్ని ఎంచుకోనక్కరలేదు. ఆ మూడూ ఒకే బండిలో ఎక్కాయి. హారియెట్ ఆ ప్రయాణం తట్టుకుని, 1879 వరకూ బతికింది.

రెండో పని బండిని, సరుకుల పట్టికను చూడటం. సినిమాల్లో చూపించే భారీ కానెస్టోగా బండ్లు ఈ దారికి పనికిరావు, అంత బరువు లాగితే ఎద్దులు చచ్చిపోతాయి. వలస కుటుంబాల బండి తొట్టె సుమారు పది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు. పైన వంచిన బద్దల మీద అవిసెనూనె పట్టించిన మందపు గుడ్డ, ఇరుసు కింద వేలాడే కందెన బొక్కెన, ముందు నాలుగు లేదా ఆరు ఎద్దులు. బండికి స్ప్రింగులు ఉండవు. అందువల్ల పసిపిల్లలు, ముసలివాళ్ళు, లేవలేని రోగులు తప్ప మిగిలినవాళ్ళంతా రోజుకు పన్నెండు, పదిహేను మైళ్ళు నడిచే వెళ్ళారు. డైరీలో ఒక రోగి పేరు కనిపించినప్పుడల్లా ఆ రోజు ఆ మనిషి బండిలో ఉన్నాడా, నడిచాడా, గుర్రమెక్కాడా అని పక్కన రాసుకోండి. కోలుకోవడం మొట్టమొదట కనబడేది అక్కడే. క్షీణించిన ఆరోగ్యంతో 1831 మే నెలలో, మిస్సోరి నుంచి న్యూ మెక్సికోకు వెళ్ళే శాంటా ఫే దారిన బయలుదేరిన జొసయ్యా గ్రెగ్ మొదటి రోజుల్లో బండిలోనే పడుకుని ప్రయాణించి, వారం తిరిగేసరికి గుర్రమెక్కాడు. ఆ దారిన వెళ్ళమని చెప్పింది ఆయన వైద్యులే.

సరుకుల విషయంలో 1845లో అచ్చయిన ఒక మార్గదర్శిలోని లెక్క తలకు రెండు వందల పౌన్ల పిండి, నూట యాభై పౌన్ల ఉప్పు పంది మాంసం, పది పౌన్ల కాఫీ, ఇరవై పౌన్ల పంచదార, పది పౌన్ల ఉప్పు. అంటే ఒక్కో మనిషికి దాదాపు 90 కిలోల పిండి, 68 కిలోల మాంసం. ఈ పట్టికను చదివేటప్పుడు ఉన్నదాని కన్నా లేనిదాన్ని ఎక్కువగా చూడాలి. ఇందులో పచ్చి కూర లేదు, పండు లేదు. నెలల తరబడి ఇదే తిన్న మనిషికి చిగుళ్ళు వాచి, పాత గాయాలు తిరిగి తెరుచుకునే స్కర్వీ వస్తుంది. దారిలో అడవి ఉల్లి, పుల్లటి ఆకుకూర, అడవి పండ్లు ఏరుకున్న కుటుంబాలకూ, ఏరుకోని కుటుంబాలకూ తేడా ప్రయాణం చివరి నెలల్లో బయటపడుతుంది. ఆడవాళ్ళు రాసిన డైరీలను ప్రత్యేకంగా చదవమని చెప్పడానికి ఇదొక కారణం. మగవాళ్ళు మైళ్ళూ మేతా రాస్తే, ఆ పూట వంటలో ఏం పడిందో ఆడవాళ్ళు రాశారు. 1859లో సైనికాధికారి రాండాల్ఫ్ మార్సీ ప్రయాణికుల కోసం రాసిన సూచనల్లో, వెన్నను బాగా కాచి, పైకి తేలిన మడ్డి తీసేసి, నూనెలాగా తేటపడ్డాక రేకు డబ్బాల్లో పోసి మూత అతికించమని ఉంది. మనం నెయ్యి కాచే పద్ధతి ఇదే. ఎండలో నెలల తరబడి పాడవకుండా నిలిచే తిండి ఏదో అనుభవంతో కనిపెట్టిన మనిషి మాట అది.

ఇక అసలు పని మొదలవుతుంది. ఒక పెద్ద కాగితం మీద గడులు గీయండి. తేదీ, బస చేసిన చోటు, ఆ పూట తాగిన నీరు, వంటచెరకు, తిన్నది, జబ్బుపడినవాళ్ళు, ఎవరు నడిచారు. డైరీలో ఉన్న ప్రతి చిన్న మాటనూ వీటిలో చేర్చాలి. బావి తవ్వామని ఉంటే నీటి గడిలో రాయండి, పిడకలు ఏరామని ఉంటే వంటచెరకు గడిలో రాయండి. చెట్లు లేని ఆ మైదానాల్లో అడవిదున్నల ఎండిన పేడే పొయ్యికి ఆధారం. వానపడితే పిడకలు తడిసి పొయ్యి వెలగదు. పొయ్యి వెలగకపోతే కాఫీ కాగదు, ఆ రోజు తాగినది కాచని నీరే. ఈ ఒక్క గొలుసును పట్టుకుంటే వాన పడిన రోజుకూ, రోగం వచ్చిన రోజుకూ మధ్య ఉన్న సంబంధం కళ్ళ ముందు నిలుస్తుంది.

పట్టిక పూర్తయ్యాక, జబ్బు కనబడిన తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి. ప్రతి రోగానికీ శరీరంలో ప్రవేశించిన నాటికీ బయటపడిన నాటికీ నడుమ కొంత గడువు ఉంటుంది. కలరా కొన్ని గంటల నుంచి అయిదు రోజుల లోపు బయటపడుతుంది. జిగట విరేచనాలకు సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. టైఫాయిడ్‌కు వారం నుంచి మూడు వారాలు, పొంగుకు, అంటే మీజిల్స్‌కు, సుమారు రెండు వారాలు. స్కర్వీకి పచ్చి తిండి దొరకని రోజులు ఒకటి నుంచి మూడు నెలలైనా గడవాలి. జూన్ 10న కుటుంబంలో ఒకరికి కలరా సోకిందని ఉంటే, జూన్ 5 నుంచి 10 దాకా నీటి గడిలో ఏముందో చూడాలి. ఆ రోజుల్లో, దారి వెంట సాగే ప్లాట్ నది ఒడ్డున వేసిన గుడారాలు, మునుపటి బృందం తవ్వి వదిలిన లోతులేని బావి అక్కడ కనిపిస్తే, రోగం ఎక్కడ అంటిందో చాలావరకు తేలినట్లే. వందల బండ్లు ఒకే చోట దిగి, ఒకే చోట మలవిసర్జన చేసి, పక్కనే లోతులేని గుంట తీసి నీళ్ళు తోడుకున్నారు. 1849 నుంచి 1852 దాకా ఆ దారిలో కలరా అన్నిటికన్నా ఎక్కువమందిని పొట్టన పెట్టుకున్నది ఈ కారణంచేతనే. పొద్దున్న బండి పక్కన నడిచిన మనిషిని సాయంత్రానికి దారి పక్క పూడ్చిపెట్టారన్న వాక్యాలు ఆ ఏళ్ళ డైరీల్లో ఎన్నో కనబడతాయి. కలుషితమైన నీటితోనే కలరా వ్యాపిస్తుందని లండన్‌లో జాన్ స్నో చూపించింది 1854లో. అప్పటికి ఈ సమాధులన్నీ తవ్వడం పూర్తయింది.

పట్టికను పటంతో కలిపి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. నేటి వయోమింగ్‌లో ఉన్న ఫోర్ట్ లారమీ అనే కోట దాటాక కలరా రాతలు తగ్గిపోతాయి. అప్పటికి బండ్లు ఆరువందల మైళ్ళకు పైగా వచ్చి, నాలుగు వేల అడుగులకు మించిన ఎత్తుకు చేరుకున్నాయి. గాలి శుభ్రపడిందని వాళ్ళు రాశారు. నిజానికి అక్కడ బృందాలు చెదిరి గుంపులు పలచబడ్డాయి, నీరు వేగంగా పారే చల్లటి వాగులనుంచి వచ్చింది. అంతకన్నా పైకి వెళితే కొత్త కష్టాలు మొదలవుతాయి. చౌడు కలిసిన నీటిగుంటలు తాగి ఎద్దులు కూలిపోతే, వాటి గొంతులో పంది కొవ్వు, వెనిగర్ పోసేవారు. పొడిగాలికి చక్రాల కర్ర కుంచించుకుపోయి ఇనుప పట్టాలు ఊడిపోతే, రాత్రంతా చక్రాలను వాగులో నానబెట్టేవారు. ఎద్దు చనిపోతే నడవలేని రోగి దిగి నడవాలి. కాబట్టి పశువుల ఆరోగ్యానికి కూడా పట్టికలో ఒక గడి ఉండాలని నా అభిప్రాయం.

చలిజ్వరం విషయంలో వెనక్కి లెక్కపెట్టడం అంత సులువు కాదు. అమెరికా మధ్యభాగంలో ఎక్కువగా ఉన్న వైవాక్స్ రకం మలేరియా కాలేయంలో దాగి, నెలల తరువాత మళ్ళీ తలెత్తుతుంది. జూలైలో పర్వతాల నడుమ వచ్చిన వణుకు నిరుటి సెప్టెంబరులో మిస్సోరి దోమ పెట్టిన పరాన్నజీవిదే కావచ్చు. మరోవైపు, చల్లని ఎత్తైన నేలమీద కొత్తగా కుట్టే దోమల బెడద లేకపోతే, ఒకటి రెండేళ్ళలో ఆ జ్వరం దానంతట అదే తగ్గిపోతుంది. చలిజ్వరం వదిలించుకోవడానికి బయలుదేరిన కుటుంబాల ఆశ నిజంగా నెరవేరిన సందర్భాలు ఉన్నాయి. వాళ్ళు చెప్పిన కారణం తప్పు, వాళ్ళు చేసిన పని సరైనది. అందుకే వాళ్ళ సాక్ష్యాన్ని గౌరవంగా చదవాలి.

మందుల పెట్టెలోకి కూడా ఒకసారి తొంగిచూడండి. మిస్సోరిలోని ఆరో రాక్ ఊళ్ళో జాన్ శాపింగ్టన్ అనే వైద్యుడు 1832 నుంచి అమ్మిన జ్వరం మాత్రల్లో ఒక్కోదానిలో ఒక గ్రెయిన్ (సుమారు 65 మిల్లీగ్రాములు) క్వినైన్ ఉండేది. అది నిజంగా పనిచేసిన మందు. మిగిలిన వాటిలో పాదరసంతో చేసిన క్యాలొమెల్, నీలి మాత్రలు, నల్లమందును సారాయిలో కలిపిన లాడనం ఉంటాయి. విరేచనాలతో నీరసించిన మనిషికి క్యాలొమెల్ ఇచ్చారని డైరీలో చదివితే, మరణానికి రోగంతో పాటు మందు కూడా తోడైందేమోనని అనుమానించవలసిందే. నల్లమందు విరేచనాలను కట్టి కొంత ఉపశమనం ఇచ్చింది, కానీ కలరాలో శరీరం కోల్పోయిన నీటినీ ఉప్పునూ తిరిగి ఇచ్చేది కాదు.

డైరీ రాయకుండా వదిలేసిన వాటిని కూడా పసిగట్టాలి. గర్భిణి అయిన స్త్రీ ఆ మాటను చివరిదాకా రాయదు. ఒక రోజు హఠాత్తుగా ప్రయాణం ఆగింది, మరునాడు బిడ్డ పుట్టిందని ఉంటుంది. అలాంటి చోట తొమ్మిది నెలలు వెనక్కి వెళ్ళి, ఒంట్లో బాగోలేదు అని రాసిన రోజులన్నిటినీ మళ్ళీ చదవాలి. పిల్లల మరణాల్లో రోగంతో పాటు బండి చక్రం కూడా ఉంది. బర్నెట్ కుటుంబం వెళ్ళిన అదే 1843 వలసలో, జూలై నెలలో, జోయెల్ హెంబ్రీ అనే పసివాడు బండి నొగ మీద నుంచి జారి చక్రాల కింద పడి మరణించాడు. ఆ దారిలో ఎవరిదో గుర్తుపట్టగలిగిన సమాధుల్లో అన్నిటికన్నా పాతది వాడిదే, నేటి వయోమింగ్‌లో ఉంది. ఇక 1846లో ఇల్లినాయి నుంచి కదిలిన రీడ్ కుటుంబంలో, తలనొప్పులతో బాధపడే మార్గరెట్‌కు కాలిఫోర్నియా వాతావరణం మేలు చేస్తుందని భర్త ఆశపడ్డాడు. క్షయతో ఉన్న ఆమె తల్లి సారా కీస్ కూతురిని విడిచి ఉండలేక అదే బండిలో ఎక్కి, మే 29న కాన్సస్‌లోని ఆల్కోవ్ స్ప్రింగ్ అనే ఊట దగ్గర కన్నుమూసింది. ఆమెను ఓక్ చెట్టు కింద పూడ్చిపెట్టారు. కాన్సస్ సిటీ వైపు ఉన్న మనవాళ్ళు కారులో వెళ్ళి ఆ ఊటను చూడవచ్చు. పటంలో చుక్కగా ఉన్న చోటులో నిలబడి నీటికీ గట్టుకీ దూరం ఎంతో కొలిచి చూస్తే, పట్టికలోని నీటి గడికి అర్థం వస్తుంది. ఇంకా పడమటికి వెళ్ళగలిగినవారు వయోమింగ్‌లోని గర్న్సీ దగ్గర ఇసుకరాతిలో చక్రాలు కోసిన గాడులను తప్పక చూడాలి. కొన్నిచోట్ల వాటి లోతు నిలువెత్తుకు కొంచెమే తక్కువ.

అనుభవాలను వృద్ధాప్యంలో రాసినవాళ్ళకూ, ఆ రాత్రి దీపం వెలుగులో రాసినవాళ్ళకూ ఒకే విలువ ఇవ్వకండి. బర్నెట్ తన జ్ఞాపకాలను అచ్చువేసింది 1880లో, ప్రయాణం జరిగిన ముప్ఫై ఏడేళ్ళకు. పైగా ప్రయాణం నన్ను బతికించిందని రాయగలిగినవాడు బతికినవాడే. గ్రెగ్ లాంటివాళ్ళ కథలు ఎన్ని చదివినా, వాళ్ళ వెనక వచ్చి దారిలోనే ఆగిపోయిన క్షయరోగుల లెక్క ఆ కథల్లో దొరకదు.

చివరి దశ అత్యంత ముఖ్యమైనదని నేను భావిస్తున్నాను. బండ్లు చేరిన నేల అప్పటికే నిర్జనంగా కనిపించడానికి కారణం ఏమిటో తెలుసుకోవాలి. ఆరోగ్యానికి పుట్టిల్లని పేరుపడిన కొలంబియా, విలమెట్ నదుల లోయల్లో 1830 నుంచి కొన్నేళ్ళపాటు బయటివాళ్ళ వెంట వచ్చిన జ్వరం చెలరేగింది. దాన్ని మలేరియాగానే చరిత్రకారులు గుర్తిస్తారు. అక్కడి ఆదివాసులైన చినూక్, కలపూయా ప్రజల్లో అత్యధికులు దానికి బలయ్యారు. ఏ రోగం నుంచి పారిపోయి రైతులు వచ్చారో, ఆ రోగమే ముందుగా వచ్చి ఆ పొలాలను ఖాళీ చేసింది. 1847లో వలస బండ్లు వచ్చిన కాలంలోనే పొంగు వ్యాపించి, విట్‌మన్ దంపతుల క్రైస్తవ మిషన్ పరిసరాల్లోని కయూస్ ఆదివాసుల్లో సగం మందిని చంపింది. ఆ నవంబరులో మిషన్‌పై జరిగిన దాడిని వలసవాళ్ళ రాతలు క్రూరత్వంగా వర్ణిస్తాయి. పిల్లల్ని పోగొట్టుకున్నవారి వైపు నుంచి కూడా ఆ నెలను చదవాలి. కాలిఫోర్నియా రాష్ట్ర తొలి గవర్నరుగా బర్నెట్ 1851లో అక్కడి ఆదివాసుల గురించి సమూల నాశన యుద్ధమని మాట్లాడాడన్న సంగతి కూడా, భార్యను బతికించుకోవడానికి బండి కట్టిన భర్తగా ఆయనను తలచుకున్నప్పుడు పక్కన పెట్టుకోవాలి.

కుటుంబం చేరుకున్నాక ఏమైందో తెలుసుకోవడానికి 1850 జనాభా లెక్కలు తెరవండి. స్వేచ్ఛగా ఉన్న, అంటే బానిస కాని, ప్రతి మనిషి పేరూ వయసూ పుట్టిన రాష్ట్రమూ నమోదు చేసిన తొలి లెక్కలు అవే. పిల్లలు పుట్టిన రాష్ట్రాలను వయసు వరసలో చదివితే కుటుంబం ఎప్పుడు ఎక్కడ ఉన్నదో తెలుస్తుంది. వరసలో నాలుగైదేళ్ళ ఖాళీ ఉంటే అక్కడ ఒక బిడ్డ పోయి ఉండవచ్చు. అదే ఏడాది లెక్కలతో పాటు, ముందు పన్నెండు నెలల్లో మరణించినవారి పేర్లను, కారణంతో సహా, వేరే పట్టికల్లో రాశారు. ఆ కారణాలు వైద్యులు కాక ఇంటివాళ్ళు చెప్పినవి కనుక, జ్వరం అన్న ఒక్క మాటే ఉన్నచోట మరణించిన నెలను చూడండి. వేసవి చివరి నెలలైతే దోమలను, తాగునీటిని అనుమానించండి, చలికాలమైతే ఊపిరితిత్తుల జబ్బులను.